గంగామణి చేతి మీది వాత

శారమ్మ ఇంట్లో గంగామణి ఉండబట్టి ఏడాదిన్నర. తల్లి గంగవ్వ క్షయతో నిజామాబాద్ దవాఖానాలో పడితే, చర్చి పెద్దలు సంక్షేమ శాఖతో మాట్లాడి ఎనిమిదేళ్ల పిల్లను బోధన్‌లో శారమ్మ, సీమోను దంపతులకు అప్పగించారు. పిల్లల్లేని ఇల్లు. ఆ పిల్ల వచ్చాక శారమ్మ బీడీలు చుడుతూ కూనిరాగం తీసేది.

1996లో, చెరుకు బండ్లు తిరిగే రోజుల్లో, సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ రాధాబాయి జీపు దిగింది. బడికొచ్చిన కొత్త టీచరు గంగామణి ముంజేతి మీద కాలిన మచ్చ చూసి అడిగిందట. "శారమ్మ వాత పెట్టింది" అందట పిల్ల. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ వాడ నోటికి ఎవరు పెడతారు? చూసినట్టే చెప్పుకున్నారు అందరూ.

"కడుపుల పెట్టుకొని సాదితె గిదా ఫలితం? అడుగుత దాన్ని!" అని లేచాడు సీమోను.

శారమ్మకు గుండె మండిపోతోంది. అయినా అతని చెయ్యి పట్టి ఆపింది. "ఒక్క మాట అనకు. మనమే నేర్పినమంటరు."

పెట్టెలోంచి కాగితం తీసి ఆఫీసరమ్మకిచ్చింది. "పిల్ల వచ్చిననాడు డాక్టరమ్మ రాసింది మేడమ్. సదువుండ్రి."

కుడి ముంజేతి మీద పాత వాత మచ్చ ఉందని అందులో స్పష్టంగా ఉంది. రాధాబాయి కళ్లద్దాలు సవరించుకుంది. "అయితే కన్నతల్లే కాల్చిందన్నమాట. అలాంటి మనిషికి పిల్లను తిరిగి ఇవ్వం. మీ దగ్గరే ఉంటుంది."

"మా అవ్వ కాదు! శారమ్మనే!" అని గంగామణి గోడకు అతుక్కుని ఏడ్చింది. తల్లి మీదికి మాట రాకూడదనే పిల్ల అబద్ధమాడిందని శారమ్మకు అప్పుడు తెలిసింది.

ఊరుకుంటే పిల్ల తనదే. శారమ్మ పిల్లను దగ్గరికి తీసుకుంది.

"కోపంతోని కాదు మేడమ్," అంది చివరికి. "పిల్లకు కండ్లు పచ్చబడి పసిరికలైతే నవీపేట్‌ల మందిచ్చే ముసలాయన వాత పెట్టిండు. బతుకాలని పెట్టిచ్చింది తల్లి. అప్పగించేటప్పుడు దవాఖానల నాకు చెప్పుకొని ఏడ్చింది. కావాల్నంటే పోయి అడుగుండ్రి."

రాధాబాయి నవీపేట్ వెళ్లి విచారించింది. మాట నిజమేనని తేలింది. హోలీకి ముందు గంగవ్వ కోలుకుని వచ్చి పిల్లను తీసుకుపోయింది.

ఆ రోజు సీమోను అన్నం ముట్టలేదు. "ఊకుంటె పిల్ల మన దగ్గర్నే ఉంటుండె గదనే శారా!"

"నా మీద అబద్ధమాడితెనే గింత కాలింది," అంది శారమ్మ, ఏడుస్తూనే. "గదే అబద్ధం ఆ తల్లి మీద ఎట్ల ఆడుత?"