కార్డు మీద మీ తాత మాట

"చెప్పులు విప్పి చేత్తో పట్టుకోరా, రేవు నిండా బురద."

"సరే నాన్నా."

మీ తాతా, మీ నాన్నా ఆఖర్న మాట్లాడుకున్నది ఇదేనమ్మా. వాడు పడవెక్కి వెళ్ళిపోయాడు. ఆయన శ్రావణంలో జ్వరమొచ్చి పోయారు. మీ నాన్న మాత్రం ఎవరడిగినా చెప్పుల సంగతి చెప్పడు. "మా నాన్న నాకొక కార్డు రాయించాడు, ఆ మాట మీదే నేను నిలబడ్డాను" అంటాడు. ఆ కార్డు సంగతి రాయి. దాంట్లో మాట మీ తాతది కాదు. నాది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకి కాబోలు, మీ నాన్న ఏలూరు కాలేజీలో చేరాడు. మా లంక ఊళ్ళో కాలేజీ గడప తొక్కింది వాడే. మాది కొల్లేట్లో మావుల పని. మావంటే వెదురు బద్దలతో అల్లిన బుట్ట. చేప లోపలికి పోతుంది గానీ బయటికి రాలేదు. ఒకరు గెడ వేసి దోనె నిలబెడితే ఇంకొకరు వంగి మావు ఎత్తాలి. ఇద్దరు లేనిదే ఆ పని సాగదు. వాడు చదువుకి వెళ్ళాక మీ తాత తమ్ముడు తోడొచ్చేవాడు. అతనేమో కాపురం అత్తారింటికి, ఉంగుటూరు వైపు మార్చేశాడు. ఆ పైన మీ తాత దోనెలో జారిపడ్డారు, కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు.

సరిగ్గా అప్పుడే మీ నాన్న ఉత్తరం వచ్చింది. నేను మిషను బళ్ళో రెండో తరగతి చదివాను కదా, కూడబలుక్కుని చదివి వినిపించాను. పాఠాలన్నీ ఇంగ్లీషులో చెబుతున్నారట, ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదట, అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారని నోరు మూసుకుని కూర్చుంటున్నాడట. మీరు సరే అంటే వచ్చేస్తాను నాన్నా అని రాశాడు.

మీ తాత చుట్ట ఆర్పి, "మంచిదేగా, రమ్మని రాసెయ్. దోనెకి మనిషి కావాలి" అన్నారు.

"ఏవండీ, ఒక్క ఏడు చూద్దామండీ."

"నేను చూస్తాను, చేప చూస్తుందా? చెప్పింది రాయి."

రాశాను. నా అక్షరాలు లావు, నాలుగు మాటలకే కార్డు నిండిపోయింది. "నాయనా, మీ నాన్న చెప్పేది. ఇక్కడ మనిషి దొరికాడు, నువ్వు రావద్దు. తెలియని నీళ్ళలో గెడ దించి లోతు చూస్తాం, దానికి సిగ్గుపడం. అక్కడా అంతే. తెలియంది అడుగు."

"ఏదీ, చదువు" అన్నారు ఆయన.

"కాలేజీ మానేసి వచ్చెయ్" అని చదివాను. తలూపారు.

మర్నాడు ఆయన కంటే ముందు నేనే దోనె ఎక్కి కూర్చున్నాను. వాడొచ్చేదాకా గెడ నేనే వేస్తానన్నాను. మనిషి దొరికాడని రాశాను కదా, ఆ ముక్కైనా నిజం కావాలి. మా ఊళ్ళో ఆడవాళ్ళు చేపలు ఎండబెడతారు, గట్టున అమ్ముతారు. మావులకి మాత్రం వెళ్ళరు. రేవులో ఒకావిడ, "ఏంటొదినా, మొగుడికి కొడుకువైపోయావా?" అంది. "అవును, వచ్చే ఏటికి మీసాలు కూడా పెంచుతాను" అన్నాను.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఆయన గట్టు వైపు చూస్తూనే ఉండేవారు. "కబురు పెట్టినా రాలేదు చూశావా. ఏలూరు నీళ్ళు పట్టాయి వాడికి" అని తిట్టేవారు. నేను గెడ మీదే చూపు పెట్టుకునేదాన్ని. నాకు పడాల్సిన తిట్లు బిడ్డకి పడ్డాయి. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వేసవిలో వాడొచ్చాడు. తాడేపల్లిగూడెం రైసు మిల్లులో సెలవుల పనికి కుదిరాడట, రెండ్రోజులే ఉంటానన్నాడు. ఈయన మొహం తిప్పుకుని చుట్ట ముట్టించారు. అన్నాల దగ్గర వాడే అన్నాడు. "నాన్నా, మీరు రాయించినట్టే చేశాను. లేచి అడిగాను. నవ్వారు. మళ్ళీ అడిగాను. పాసయ్యాను."

ఆయన ముద్ద చేత్తో పట్టుకుని నా వైపు చూశారు. నేనలా అనలేదురా అని ఆయన ఒక్క మాటంటే చాలు, మర్నాటి నించి వాడు దోనె మీదే ఉంటాడు. తండ్రి మాట దాటే పిల్లాడు కాదు.

"ఇంతకీ దొరికిన మనిషెవరు నాన్నా?"

"ఉన్నాడొకడు. గెడ పట్టడం రాదు గానీ నోరుంది" అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

వాడు వెళ్ళేనాడు రేవు దాకా వచ్చారు. ఇప్పుడు చెప్పేస్తారేమోనని వెనకాలే నిలబడ్డాను. చెప్పుల సంగతే చెప్పారు.

పడవ కదిలి కాస్త దూరం పోయాక, "ఆ కార్డులో నేనేం చెప్పానే?" అని అడిగారు. చెప్పాను. "మళ్ళీ చెప్పు" అన్నారు. మళ్ళీ చెప్పాను.

"బాగానే చెప్పాను" అని దోనె వైపు నడిచారు.

ఇంతేనమ్మా. ఇది మీ నాన్నకి చూపించు. కోపం వస్తే నా మీద పడనీ, ఆయన మీద వద్దు. ఏదీ, మొదట్నించీ చదివి వినిపించు. ఉన్నది ఉన్నట్టు చదవాలి సుమా, నా దగ్గర ఆ వేషాలు సాగవు.