నడిపించి తెచ్చిన గుర్రం

మా బావగారు పోయారని అంగలకుదురు నుంచి ఒక మనిషి సైకిలు మీద వచ్చి చెప్పాడు. నేను తెనాలి మిల్లులో ఆ పూట లెక్క రాస్తున్నాను. "పొద్దున్నే కాఫీ తాగి అరుగు మీద కూర్చున్నారండి. అమ్మగారు వెళ్ళి పిలిస్తే పలకలేదండి" అన్నాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారు. బతికినన్నాళ్ళూ ఆయన పద్ధతి అదే.

పెద్దకర్మకు వచ్చేవారికి ఇవ్వడానికి చిన్న పుస్తకం వేస్తున్నామనీ, నాలుగు మాటలు రాయమనీ మా మేనల్లుడు అడిగాడు. నేను బడిలో చదివింది తక్కువ. కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. రోజువారీ లెక్కలు రాయడమే తప్ప ఇలాంటివి అలవాటు లేదు. అయినా ఆయన గురించి ఒక సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ బయటపెట్టవద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు. అమ్మ పోయింది. ఇప్పుడు ఆయనా లేరు. అందుకని రాస్తున్నాను.

అరవైల్లో మా వైపు బస్సులు తిరుగుతున్నా, కాలవ గట్ల వెంట పొలాలు చూసుకోవడానికి గుర్రాలు ఉంచుకున్న రైతులు ఒకరిద్దరు మిగిలి ఉండేవారు. బావగారికి చిట్టి అనే ఆడగుర్రం ఉండేది. బూడిద రంగు, నాటు జాతి, పొట్టిది. ఎండలో తిరిగి వచ్చాక మా అక్కయ్య మంచినీళ్ళ చెంబు అందిస్తే పక్కన పెట్టేవారు. "ముందు దానికి. తరవాత నాకు" అనేవారు. వంతెన వచ్చిందంటే దిగిపోయి, దాన్ని నడిపించుకుంటూ దాటేవారు. తరవాతి రోజుల్లో సైకిలు కొన్నాక కూడా వంతెన దగ్గర దిగి నడిచేవారు. చూసినవాళ్ళు నవ్వుకునేవారు.

ఆయన పెదనాన్నగారి అబ్బాయి తెనాలిలో ఉండేవారు. ఆయనకు వేరే ప్రాంతపు సంతలో కొన్న ఎత్తయిన మగగుర్రం ఉండేది. మనిషి మంచివాడే గాని నోరు ఊరుకోదు. ఒక పెళ్ళి భోజనాల దగ్గర అందరి ముందూ మొదలుపెట్టారు.

"ఏరా తమ్ముడూ, దాని మీద కూర్చుంటే నీ కాళ్ళు నేలకి తగలవూ?"

"తగిలితే మంచిదేగా అన్నయ్యా. పడ్డా దెబ్బ తగలదు" అన్నారు బావగారు. పంక్తి అంతా నవ్వింది.

"అది గుర్రమేంట్రా, మేక. నా గుర్రంతో బాపట్ల దాకా రాగలదా?"

"వస్తుంది."

"అక్కణ్ణించి రేపల్లె మీదుగా మళ్ళీ తెనాలి?"

"అదీ వస్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే నువ్వే తీసుకో."

నాకు తెలిసి ఆయన జీవితంలో తొందరపడి అన్న మాట అదొక్కటే. పక్కనున్న పెద్దలు వెంటనే పట్టుకున్నారు. షరతులు కూడా ఆ విస్తళ్ళ ముందే తేలిపోయాయి. తెల్లవారగానే తెనాలిలో బయలుదేరాలి. రాత్రికి బాపట్లలో మకాం. మర్నాడు రేపల్లె మీదుగా తెనాలి చేరాలి. ముందు వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. వచ్చిన గుర్రం ముందు ఉడికించిన ఉలవలు పెడతారు. అది మూతి పెట్టి తింటేనే గెలుపు. గుర్రాన్ని చంపినంత పని చేసి తెచ్చినవాడిది గెలుపు కాదని ఒక పెద్దాయన పట్టుబట్టి ఆ షరతు పెట్టించారు. ఓడినవారు గుర్రాన్ని ఇచ్చెయ్యాలి.

మొదటి రోజు మగగుర్రమే ముందు వెళ్ళింది. బావగారు తొందరపడలేదు. ఎండ ముదిరినప్పుడు ఆగారు, కొంత దూరం దిగి నడిచారు, పొద్దుగూకే వేళకు బాపట్ల చేరారు. మర్నాడు ఆ పెద్ద గుర్రం కాళ్ళు బిగుసుకుని మెల్లగా కదిలింది. చిట్టి మాత్రం కొత్త రోజు మొదలైనట్టే నడిచింది. పిట్టలవానిపాలెంలో మా ఇంటికి వచ్చేసరికి వెనక రోడ్డు మీద కనుచూపు మేర ఎవరూ లేరు.

ఆ వేళ నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. అక్కణ్ణించి సైకిలు మీద ఆయన వెంట వెళ్ళాలని ఏర్పాటు. ఆయన కాసిని నీళ్ళు తాగి వెళ్ళిపోదామనుకున్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు.

"అల్లుడుగారు గుమ్మందాకా వచ్చి తినకుండా వెళ్తే ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను? రెండు ముద్దలు తినండి బాబూ."

"గుర్రానికి ఏమీ పెట్టకండి అత్తయ్యగారూ. రెండు పరకల గడ్డి చాలు" అని చెప్పి ఆయన లోపలికి వచ్చారు. ఆయన పక్కనే నేనూ కూర్చున్నాను.

మా అమ్మకు గేదెలు తెలుసు గాని, దారిలో ఉన్న గుర్రానికి కడుపు నిండా పెడితే నొప్పి వస్తుందని తెలియదు. అల్లుడు మొహమాటానికి అలా అన్నారనుకుంది. నాకు తరవాత తెలిసింది, మేము తింటుండగా పెరట్లో దానికి కుడితి పెట్టింది. అందులో తవుడు, రాత్రి అన్నం, బెల్లం. ఈనిన గేదెకి పెట్టినంత ప్రేమగా పెట్టింది. ఆకలి మీదున్న చిట్టి తొట్టి అడుగుదాకా నాకింది.

రేపల్లె ఇంకా కొంత దూరం ఉందనగా అది ఆగిపోయింది. ముందుకాలితో నేల గీరింది. మెడ తిప్పి తన పొట్ట వైపు చూసుకుంది. ఒళ్ళంతా చెమట పట్టింది. పడుకోబోతుంటే బావగారు దూకి కళ్ళెం పట్టుకుని లేపారు. దాని గడ్డం కింద తవుడు ఎండి అట్టకట్టి ఉంది. అప్పుడు చూశారు. నేనూ చూశాను.

"ఇంట్లో పెట్టారా?" అన్నారు.

"నాకు తెలియదు బావగారూ. అమ్మ పెట్టి ఉంటుంది."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, కాలవలో తడిపి, దాని మూతి శుభ్రంగా తుడిచారు. తవుడు ఆనవాలు లేకుండా తుడిచారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది ఇక్కడే ఆగిపోవాలి. మీ అమ్మగారు పెద్దావిడ. తెలిస్తే తట్టుకోలేరు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నీ నోటివెంట రాకూడదు."

సరేనన్నాను.

నేను దగ్గర్లోని ఊళ్ళోకి వెళ్ళి వాము, ఇంగువ కాచి తెచ్చాను. వెదురు గొట్టంతో పట్టించాం. ఆయన దాన్ని పడుకోనివ్వకుండా ఆ గట్టు మీద ఆ కొసకీ ఈ కొసకీ నడిపిస్తూనే ఉన్నారు. అంతలో వాళ్ళ అన్నయ్యగారు వచ్చారు.

"ఏంట్రా తమ్ముడూ, మేక అలిసిందా?" అన్నవారు దగ్గరికి వచ్చి చూసి గొంతు తగ్గించారు. "కడుపునొప్పా? నేను ఆగనా?"

"వద్దన్నయ్యా. నువ్వు వెళ్ళు. నీ గుర్రం కాళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయి."

ఆయన వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళారు.

పొద్దు వాలేసరికి చిట్టి పొట్ట తగ్గింది. చెవులు నిలబెట్టింది. అక్కడ చేరిన రైతుల్లో ఒకాయన అన్నాడు: "ఇప్పుడు ఎక్కండి బాబాయిగారూ. ఆ పెద్ద గుర్రం కుంటుతోంది, నేను చూశాను. దాన్ని అందుకోవచ్చు."

ఆ మాట నిజమేనని బావగారికీ తెలుసు. ఎక్కితే గెలవవచ్చు, గుర్రం తనకే మిగలవచ్చు, లేదా అది దారిలో పడి చావవచ్చు. ఎక్కకపోతే అది బతుకుతుంది గాని తనది కాదు. ఆయన చాలాసేపు దాని మెడ నిమురుతూ నిలబడ్డారు. తరవాత జీను విప్పి నా సైకిలు మీద పెట్టారు.

"ఎవరి ఇంట్లో ఉంటేనేం, ఉంటుందిగా" అన్నారు.

అక్కణ్ణించి రేపల్లె మీదుగా తెనాలి దాకా నడిచారు. దారిలో ఒక పశువుల కొట్టంలో దాన్ని కట్టి, పక్కనే తాను కూర్చున్నారు. మర్నాడు మేము చేరేసరికి పోటీ ముగిసిపోయింది. అన్నయ్యగారి గుర్రం కుంటుతూనే వచ్చి ఉలవలు తిన్నదట. తగాదాకు చోటు లేదు.

"ఏం జరిగిందయ్యా?" అని పెద్దలు అడిగారు.

"నాదే పొరపాటండి. ఎండలో వచ్చినదానికి నీళ్ళు ఎక్కువ పట్టించాను."

అంతే అన్నారు. పగ్గం అన్నయ్యగారి చేతికి ఇచ్చి, "దీనికి కుడిచెవి వెనక గోకితే ఇష్టం" అని చెప్పి వచ్చేశారు.

ఆ మాట చాలా ఏళ్ళు ఆయన్ని వెంటాడింది. సెంటర్లో సోడా తాగుతుంటే "చూసుకుని తాగండి, నీళ్ళు ఎక్కువవుతాయి" అని పక్కవాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆయన చిన్నగా నవ్వేవారు. నాకు అన్నిటికంటే కష్టం అనిపించింది వేరు. ఆ ఏడాది మా అమ్మ అంగలకుదురు వెళ్ళినప్పుడు అరుగు మీద నా ఎదుటే అన్నది: "అన్ని నీళ్ళు ఎలా పట్టారు బాబూ? నోరులేని జీవం కదా! మా ఇంటి దగ్గర ఎంత బాగుంది!"

"అవునండి అత్తయ్యగారూ. ఆ వేళ బుద్ధి పనిచెయ్యలేదు" అన్నారు బావగారు. అని, మజ్జిగ ఇంకాస్త పోయించుకున్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఒక మనిషి ఇంకొక మనిషిని ఎంత మర్యాదగా చూసుకోవచ్చో నాకు ఏ చదువులోనూ దొరకలేదు, ఆ అరుగు మీద దొరికింది.

అన్నయ్యగారు ఒకసారి కబురు పెట్టారు, వచ్చి గుర్రాన్ని తోలుకుపొమ్మని. బావగారు వెళ్ళలేదు. "మాట అయిపోయింది" అన్నారు. మళ్ళీ ఆయన ఏ గుర్రమూ ఎక్కలేదు.

ఆ తరవాత ఒక సాయంత్రం నేను అక్కయ్యను చూడ్డానికి వెళ్ళాను. బావగారు అరుగు మీద కూర్చుని కొబ్బరితాడు పేనుకుంటున్నారు. అన్నయ్యగారు చిట్టి మీద అటువైపు వచ్చారు. ఇంటి ముందుకు రాగానే అది నిలబడిపోయింది. మడమలతో పొడిచినా కదలలేదు. సకిలించలేదు కూడా. ఊరికే ఆయన వైపు చూస్తూ నిలబడింది. అన్నయ్యగారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

బావగారు పేనుతున్న తాడు కింద పెట్టి లేచారు. దాని దగ్గరికి వెళ్తారనుకున్నాను. ఆయన ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. చిట్టి ఆ మూసిన తలుపు వైపు ఇంకాసేపు చూసింది. తరవాత వీధిలో దాని డెక్కల చప్పుడు మెల్లగా మొదలైంది. అది పూర్తిగా వినపడకుండా పోయేదాకా లోపలి నుంచి తలుపు తెరుచుకోలేదు.