వెర్నన్ భార్య దాచిన టేపు

మా లవోన్‌కి కంగారు పుట్టుకతోనే వచ్చింది. ఏళ్ల తరబడి బడి వంటింట్లో నా పక్కనే పనిచేస్తోంది కాబట్టి నాకు తెలుసు. పొయ్యి ఆర్పానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషి. పిల్లలకి చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం కూరతో పాటు దాల్చినచెక్క రొట్టెలు పెట్టే రోజైతే మరీను, పిండి పొంగిందో లేదోనని గుడ్డ ఎత్తి ఎత్తి చూస్తుంది. "అలా చూస్తూ ఉంటే అది సిగ్గుపడి పొంగడం మానేస్తుందే" అని కసురుతుంటాను. అలాంటిదాన్ని ఆ సెప్టెంబరులో స్టేట్ ఫెయిర్ అనే రాష్ట్ర సంతకి లాక్కెళ్లింది నేనే.

పందుల పోటీ చూసి, మొక్కజొన్న కంకులు కొరుక్కుంటూ వస్తుంటే రాష్ట్ర ఖజానా వాళ్లు వేసిన బల్ల కనిపించింది. పేరు చెబితే చాలు, మనం మరిచిపోయిన సొమ్మేదైనా వాళ్ల దగ్గర పడి ఉందేమో వెతికి చెబుతారు.

"పద పద, డార్లీన్. ప్రభుత్వం ఊరికే డబ్బిస్తుందా? మొన్న మా అత్తకి ఇలాంటి ఉత్తరమే వస్తే పొయ్యిలో పారేయించాను" అంది లవోన్. మా ఊళ్లో అందరూ చేసేది అదే.

"ఇక్కడ ఉత్తరం కాదు కదే, మనిషే కూర్చుంది. అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

సణుగుతూనే హాఫర్ అని పుట్టింటి పేరు చెప్పింది. బల్ల దగ్గర ఉన్నావిడ కళ్లజోడు సర్దుకుని వెతికింది.

"మిసెస్ వెర్నన్ హాఫర్. బ్యాంకు లాకరు. అద్దె కట్టడం ఆగిపోతే తెరిచి మాకు పంపారు. లోపల ఒక టేపు చుట్ట. అంతే."

లవోన్ బల్ల మీదికి వంగింది. "అది మా అన్నయ్యది" అంది.

వాళ్లన్న రాడ్నీ వియత్నాం యుద్ధానికి వెళ్లాడు. చెల్లెలి పుట్టినరోజుకని మాటలు టేపులో పట్టి పంపాడు. ముందు వాడు పోయాడన్న కబురు వచ్చింది, ఆ తర్వాత టేపు వచ్చింది. తల్లి ఓపల్ దాన్ని ఎవరినీ విననివ్వలేదు. కొన్నాళ్లకి తండ్రి వెర్నన్ ఆమెని వదిలేసి బెర్నడీన్ అనే ఆవిడని చేసుకున్నాడు. ఆ గొడవల్లో టేపు మాయమైంది. "ఆ ముదనష్టపుదే చెత్తలో పారేసి ఉంటుంది" అని ఓపల్ చచ్చేదాకా తిట్టింది. బెర్నడీన్ మా ఊళ్లోనే ఉన్నా లవోన్ ఆవిడ గుమ్మం ఎక్కలేదు. తండ్రిని పూడ్చేటప్పుడు కూడా గోతికి అవతలి పక్కన నిలబడింది.

"అయితే అమ్మే దాచిందన్నమాట!" అంది లవోన్. ఆ కాలంలో పెళ్లయిన ఆడదానికి బ్యాంకులో సొంత పేరెక్కడిది? మొగుడి పేరే ఆవిడ పేరు.

బల్ల దగ్గరావిడ తలెత్తింది. "వెర్నన్ గారికి ఒక్కరేనా భార్య?"

"ఇద్దరు" అన్నాను నేను.

"రెండో ఆవిడ బతికుంటే, అది తనది కాదని సంతకం చెయ్యాలి. త్వరగా కానివ్వండి. వెండి, బంగారం అయితే వేలం వేసి ఆ డబ్బు మీ కోసం ఉంచుతాం. ఇలాంటివి ఎక్కువకాలం ఉంచం. చలికాలంలోపు అవి ఉన్న గది ఖాళీ చేసేస్తాం."

"అంటే పారేస్తారా?"

"వెల లేనివి, అవునమ్మా."

దారంతా లవోన్ నా చెయ్యి వదల్లేదు. మర్నాడే బెర్నడీన్ తలుపు తట్టాం. ముసలావిడ ఊతకర్ర పట్టుకుని వచ్చి ఎగాదిగా చూసింది.

"నా గుమ్మం ఎక్కావంటే ఎవరో పోయి ఉండాలి. ఎవరు?"

"ఎవరూ పోలేదు. మీ సంతకం ఒకటి కావాలి" అని లవోన్ గడగడా చెప్పేసింది.

బెర్నడీన్ అంతా విని తల అడ్డంగా ఊపింది. "చెయ్యను."

"మా అమ్మ లాకరు అది! దానిమీద కూడా మీ పెత్తనమేనా?" అని లవోన్ అరిచింది.

"మీ అమ్మది కాదు. ఆ లాకరు నాది."

"మీదా?" అన్నాను నేను.

"మీ నాన్న నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ టేపుని జేబులో వేసుకొచ్చాడు. రోజూ సాయంత్రం తాగడం, అది పెట్టుకుని నా ఎదుటే వింటూ ఏడవడం. ఒకసారి తెగితే అతికించాడు. మళ్లీ తెగింది. ఇలాగైతే ఆ పిల్లకి ఏం మిగులుతుందని నేనే పట్టుకెళ్లి బ్యాంకులో పెట్టాను. పోయిందని ఆయనకి అబద్ధం చెప్పాను. నువ్వు వచ్చి అడుగుతావని చూశాను, ముసలితనంలో అద్దె కట్టడం మరిచిపోయాను."

"పిలిచి ఇవ్వచ్చుగా!"

"నీ పెళ్లప్పుడు కబురు పంపితే తెచ్చినవాడి మొహం మీద తలుపేశావు కదమ్మా."

మరి రాష్ట్రం నుంచి ఉత్తరాలు రాలేదా అని నేనడిగాను.

"వచ్చాయి. డబ్బిస్తామనే దొంగలనుకుని తగలేశాను" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. అందరం ఒక తాను ముక్కలమే.

అర్జీ బెర్నడీనే పెట్టింది. ఇక అక్కణ్ణించి లవోన్ కాలుగాలిన పిల్లే. కూరలో ఉప్పు మరిచిపోయేది. పోస్టు బండి చప్పుడైతే గరిటె వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. చెట్లు ఆకులన్నీ రాల్చేశాయి, చలిగాలి మొదలైంది, ఖజానా నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"పారేసి ఉంటే, డార్లీన్?"

"పారేస్తే పారేశారు. ముందు ఆ గుమ్మడికాయ తరుగు" అన్నానే గానీ నేనూ పోస్టు బండి కోసం కిటికీ వైపు చూస్తూనే ఉన్నాను.

మొదటి మంచు పడిన రోజు బెర్నడీన్ ఇంటికి చిన్న పొట్లం వచ్చింది. మా బడి కొట్టుగదిలోని పాత టేపు యంత్రం మోసుకెళ్లాం. చుట్ట నేనే ఎక్కించాను. గరగర తర్వాత ఒక కుర్రగొంతు.

"లవీ, పుట్టినరోజు పిల్లా! ఇక్కడ వాన ఆగి చావట్లేదు. అమ్మ చేసే క్యాబేజీ రొట్టెలు కల్లోకొస్తున్నాయి. విను, నేను వచ్చేదాకా నా—"

బుస్సుమంది. అతుకు దగ్గర మాట లేదు. అటుపైన "—సరేనా? ఉంటా మరి" అని వినిపించి ఆగిపోయింది. లవోన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

బెర్నడీన్ రాడ్నీని ఎన్నడూ చూసి ఎరగదు. కళ్లు మూసుకుని, టేపులో తెగిపోయిన మాటల్ని ఆ పిల్లాడి యాసలోనే మెల్లగా చెప్పింది: "నా సైకిలు నువ్వే తొక్కు. సీటు కిందికి దించుకో. గొలుసుకి నూనె వెయ్యడం మరిచిపోకు."

అన్న వస్తువని లవోన్ ముట్టుకోలేదు, ఆ సైకిలు కొట్టంలోనే తుప్పుపట్టిపోయింది. ఆమె కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి ముసలావిడ మోకాళ్లకి ఆనుకుని కూర్చుంది.

"మళ్లీ చెప్పండి" అంది.