గీజర్ నీళ్ళు

నా చిన్నప్పుడు, మేం మస్కట్‌లో ఘుబ్రాలో ఉండే రోజుల్లో, మా కుక్కకు ఇంట్లో చోటు లేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దేవుడి పటాలున్న ఇంట్లోకి కుక్క రాకూడదని మా నాన్న పట్టు. అందుకని దాన్ని మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు నీడలో గొలుసుతో కట్టేసేవారు. పొద్దున ఉన్న నీడ మధ్యాహ్నానికి జరిగిపోతుందని ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

జూన్‌లో ఒక శుక్రవారం భోజనాలయ్యాక నేను మిద్దె ఎక్కాను. కుక్క పక్కకి ఒరిగి పడుంది. ఆగకుండా రొప్పుతోంది. నోటి వెంట జిగటగా చొంగ కారుతోంది, చిగుళ్ళు ఎర్రగా కందిపోయాయి. గొలుసు విప్పి లేపితే కాళ్ళు తడబడి కూలిపోయింది. కంగారులో ట్యాంకు కింది కొళాయి తిప్పి బకెట్ నింపి దాని మీద కుమ్మరించాను. అది అరిచిన అరుపుకి నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఊళ్ళో ఎండాకాలం ట్యాంకు నీళ్ళు సలసలా కాగి ఉంటాయని తెలియనిదాన్ని కాను.

పక్కింట్లో పనిచేసే కడప అక్క వాళ్ళ మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. అరుపు విని పిట్టగోడ దాటి వచ్చి, కుక్కను ఎత్తుకుని సరాసరి మా బాత్రూములోకి నడిచింది. నాన్న అడ్డం వస్తే ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఎండాకాలం గీజర్ ఆపేసే ఉంటుంది. ఇంటి లోపల దాన్లో నిలవుండే నీళ్ళొక్కటే కాస్త చల్లగా ఉంటాయి. ఆమె గీజర్ నీళ్ళొచ్చే వేడినీళ్ళ కొళాయి తిప్పి, ఆ నీళ్ళు పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద పోస్తూ, నాతో టేబుల్ ఫ్యాన్ పెట్టించింది. నేను ఐసు తెస్తే పక్కకి తోసేసింది.

"అంత చలవ ఒక్కసారిగా తగలగూడదు పాపా. నీళ్ళు గూడా దానంతటది తాగితే తాగనీ, నోట్లో పొయ్యొద్దు" అంది.

కాసేపటికి అది తలెత్తింది. లోపల ఏం చెడిందో తెలీదు, ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని అక్క చెప్పింది. లేచింది కదా, సాయంత్రం చూద్దాంలే అన్నారు నాన్న. అక్క ఆయన్ని చెప్పులు విడిచి ఒక్కసారి మిద్దె మీదికి రమ్మంది. ఎందుకో ఆయన వెళ్ళారు. నాలుగడుగులు వేయలేక గెంతుకుంటూ నీడలోకి వచ్చేశారు.

"మీరు ఎనక్కి ఉరికినారు సార్. అది ఉరకలేకుండా గొలుసేసినారు" అంది అక్క, గొంతు పెంచకుండానే.

నాన్న కిందికి దిగి, అరికాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని పడుకున్నారు. డాక్టరు దగ్గరికి సాయంత్రమే వెళ్ళాం. మూత్రపిండాలు పాడయ్యాయి, ముందే తేవాల్సిందన్నాడాయన. మర్నాడు కుక్క పోయింది.

నాకు అరవై దాటాయి. ఇప్పుడు మస్కట్‌లోనే అల్ హైల్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎవరింట్లో కుక్కగానీ పిల్లిగానీ అలా రొప్పుతుంటే, ఒక పక్క దాన్ని తడుపుతూనే, ఇంకో పక్క వాళ్ళని కారు తీయమంటాను. కాసేపు చూద్దాం ఆంటీ అంటే ఊరుకోను, మాట తూలతాను కూడా. ఈ వయసులో అంత కోపం మంచిది కాదని మా అబ్బాయి చెబుతుంటాడు. ఆ కోపం వల్లే మా వీధిలో రెండు కుక్కలు బతికి తిరుగుతున్నాయి.