జయన్న బీపీ

ఎమ్మిగనూరులో మగ్గం నేసే మహానందికి రక్తపోటు ఉందని తేలిన రోజునుంచీ ఇల్లాలు కస్తూరమ్మ ఊరగాయ జాడీని అటకెక్కించింది. పప్పులో ఉప్పు చిటికెడుకు దిగింది. అదంతా ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది పక్కింటి జయన్ననే. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే పని. అయినా జయన్న రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు లాగించేవాడు. ఆ వాసనకు మహానందికి నోరూరేది, కడుపు మండేది.

ఎనభై ఏడు వేసవిలో హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ ఆదోనికి వచ్చి, రక్తపోటు ఉన్నవాళ్ల రక్తం పరీక్షకు తీసుకుంటోందని తెలిసి నేతగాళ్లు కొందరు వెళ్లారు. మహానందీ వెళ్లాడు.

"నా రగతంలో ఏం సూస్తావమ్మా?"

"పోటు ఎక్కువైతే ఒంట్లో తుప్పులాంటి చెరుపు మొదలవుతుందని మా అనుమానం. కణంలో డీఎన్ఏ అని సన్నని పోగులుంటాయి. అవి తెగుతున్నాయేమో చూడాలి. పోల్చడానికి మీ ఈడువాడే, ఏ జబ్బూ లేని మనిషి ఒకరు కావాలి."

"జయన్న ఉండాడు గదా, గుండ్రాయి మాదిరి!" అన్నారు తోటి నేతగాళ్లు.

మహానందికి ఒళ్లు భగ్గుమంది. ఇక్కడా వాడేనా? "ఊరికే నమ్మొద్దమ్మా. ముందు వాని చేతికీ పట్టీ కట్టి పోటు సూడు," అన్నాడు. వాడిలోనూ ఏదో ఒక లోపం బయటపడాలని ఆయన కోరిక.

మరుసటి వారం జయన్న నవ్వుతూ వచ్చి చెయ్యి చాచాడు. డాక్టరమ్మ ఒకసారి చూసింది. నమ్మలేక మళ్లీ చూసింది.

"రెండు వందలు దాటింది. ఎప్పుడూ తలనొప్పయినా రాలేదా?"

"ఏమీ ల్యాదమ్మా," అన్నాడు జయన్న. నవ్వు ఆగిపోయింది.

మహానంది మనసు లోలోపల పండగ చేసుకుంది. అంతలోనే జయన్న తన చేతి పట్టీకేసే చూస్తుండటం కనబడి చూపు తిప్పుకున్నాడు.

జయన్న మాత్రలు మొదలుపెట్టాక ఆయన భార్య దేవక్క వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నువ్వు సూడమనకుంటే మా ఆయన యాడనో కూలబడి ఉండేటోడన్నా. దేవునట్ల కాపాడినావు."

"నాదేముందిలేమ్మా," అన్నాడు మహానంది.

రెండు నెలల తర్వాత ఇద్దరూ కలిసి ఆదోనికి వెళ్లి చూపించుకున్నారు. జయన్న పోటు దాదాపు మామూలుకు దిగింది. మహానందిది ఉన్నచోటే ఉంది. తిరుగు బస్సులో ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏమప్పా, మాట్లాడవేమి?" అన్నాడు జయన్న.

"తలకాయ నొస్తాంది."

బస్సు ఊరు దగ్గర పడ్డాక మహానంది ఉండబట్టలేక అడిగాడు. "నీకు ఏం మాత్రలిచ్చినారప్పా?"

జయన్న జేబులోంచి పొట్లం తీసి విప్పాడు. మహానందికిచ్చినవీ అవే.

ఆ సంగతి ఆయన్ను ఇంకా మండించింది.