మన వేలు వాళ్లకు కనబడదు

బ్యాంకులో కంప్యూటర్ టుంగుమంటే ఇప్పటికీ చేతిలో పని ఆపి అటు చూస్తాను. వెంటనే స్వరూప మేడం గుర్తొస్తుంది. గల్ఫ్‌కు పోయినవాళ్ల కుటుంబాల కోసం ఆమె సుల్తానాబాద్‌లో చిన్న కేంద్రం నడిపేది. నేనక్కడ ఊడ్చేదాన్ని, చాయ్ పెట్టేదాన్ని. జుట్టు నెరిసిన తర్వాత నాకు అక్షరాలు నేర్పింది ఆమే. సగం చదివి మిగతాది ఊహించి చెబితే ఊరుకునేది కాదు. "తోచింది చెప్పకు అవ్వా, ఉన్నది సదువు" అనేది. గింత నోరున్నదాన్ని ఎవడు చేసుకుంటడే అని నేనూ తిట్టేదాన్ని.

అప్పుడు మా తమ్ముడు లచ్చన్న మస్కట్‌లో ఉన్నాడు. వాడి ఫోన్ రాక చాలా రోజులైంది. అక్కడి పనివాళ్ల వివరాలు దూరాన ఒక ఆఫీసు కంప్యూటర్‌లో ఉండేవి. ఇక్కడినుంచి అడిగితే అది జవాబు పంపేలా మేడం కొత్తగా ప్రోగ్రాం రాసింది. మొదట మా తమ్ముడి గురించే అడిగింది. టుంగుమని జవాబు వచ్చింది. తెర మీద పైన వాడి పేరు, కింద ఒక్కటే మాట. కూడబలుక్కుని పైకి చదివింది నేనే. మరణించారు. ఈసారి కూడా ఊహించి చదివానేమోనని మళ్లీ చదివాను. అదే మాట.

మేడం నన్ను ఓదార్చలేదు. తాను రాసిందంతా మొదటినుంచి చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. తమ్ముడి పాస్‌పోర్టు నంబరు పట్టుకుని ఆ ఆఫీసుకే ఫోన్ చేసింది. లచ్చన్న బతికే ఉన్నాడు. క్యాంపు మారాడు, ఫోన్ పోగొట్టుకున్నాడు, అంతే.

"తప్పు నాదే అవ్వా. లచ్చన్న వివరాలు పంపాలె. నేను మన కంప్యూటర్ల ఆయిన ఏ జాగల ఉన్నడో గా గుర్తు పంపిన. గది మన దాంట్లనే నడుస్తది. ఆళ్ల దాంట్ల గదే జాగల ఇంకొకాయిన ఉన్నడు. పైన పేరు మన దాంట్లది, కింద మాట ఆయినది."

"అంటే, మనిషి పేరు చెప్పకుంట వేలు చూపిచ్చినవా?"

"చూపిచ్చిన. ఆళ్లకు మన వేలు కనబడదు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "మరి సచ్చిపోయిందెవలు?" అంది.

మళ్లీ అడిగితే ధర్మపురి దగ్గరి మనిషని తేలింది. ఇంటికి ఇంకా కబురే అందలేదట. ఫోన్‌లో చెప్పే మాట కాదని మేడం బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. గుమ్మంలో ఒకామె మక్క కంకులు ఒలుస్తోంది. మేడం ఊరు, ఇంటిపేరు, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు ఒక్కొక్కటే చెప్పి, ఇల్లు ఇదేనా అని అడిగింది.

"అవు, మా ఆయినే. మంచిగున్నడా?" అంటూ ఆమె నవ్వు ముఖంతో లేచి మాకు కుర్చీలు వేసింది.

ఎవరి కబురు చెప్పాల్సి వచ్చినా నేను మేడంలాగే అన్నీ అడిగి చెబుతాను. అవునంటూ ఎదుటి మనిషి నవ్వితే మాత్రం, కబురు చెప్పేముందు ఆ మనిషినే కుర్చీలో కూర్చోబెడతాను.