బాదం ఆకుకు వేసిన కుట్లు

నగరిలో మా వీధికి మగ్గాల చప్పుడుతోనే తెల్లవారుతుంది. పవర్‌లూమ్ షెడ్లు వరసగా ఉన్న వీధి మాది. బయటి ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు మొదటిరోజు చెవులు మూసుకుంటారు. మాకు మాత్రం ఆ చప్పుడు వినబడదు. కరెంటు పోయి అది ఆగినప్పుడే, ఇంతసేపూ ఉండిందని తెలుస్తుంది.

అలా కరెంటు పోయిన ఒక పొద్దున, జాకెట్టుకు కాజాలు కుడుతుంటే, పెరటివైపు కిటికీ దగ్గర ఓ అరుపు వినిపించింది. టువిట్, టువిట్, టువిట్ అని ఆపకుండా. ఏ పెద్ద పిట్టో అనుకుని తలెత్తితే, నా బొటనవేలికంటే కాస్త పెద్దది. వీపు ఆకుపచ్చ, నెత్తి ఇటుకరంగు, తోక నిటారుగా పైకి. కిటికీ ఊచ మీద కూర్చుని, మిషను తుడవడానికి నేను అక్కడ పెట్టుకున్న నూలు ముద్దలోంచి ఒక పోగు లాగుతోంది. మా ఇంటాయన షెడ్డు నుంచి తెచ్చిచ్చే వేస్టు నూలు అది. పోగు రాకపోతే కాళ్లు ఊచకు తన్నిపెట్టి మరీ లాగింది. వచ్చినదాన్ని నోట కరుచుకుని పెరట్లోకి పోయింది. నేను నవ్వుకుని మళ్లీ కాజా పని చూసుకున్నాను.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఇరవై ఏళ్లయింది మొదలుపెట్టి. ఇంట్లో మేం ముగ్గురం: మా ఇంటాయన, మా అత్త, నేను. మా అత్త చేతిమగ్గాల కాలం మనిషి. వయసులో ఉన్నన్నాళ్లూ కండెలు చుట్టింది. ఇప్పటికీ చేతికి నూలుపోగు దొరికితే వేళ్ల మధ్య తిప్పి ఎంత సన్ననిదో, ఏ నంబరు నూలో చెబుతుంది.

పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఎవరూ నాటకుండానే ఒక బాదం మొక్క మొలిచింది. నా భుజం ఎత్తుకు వచ్చేసరికి దాని ఆకులు విస్తరాకంత అయ్యాయి. పెద్దదైతే వేర్లు నీళ్లతొట్టిని పగలగొడతాయని మా ఇంటాయన దాన్ని కొట్టేస్తానంటూ ఉండేవాడు. ఆ ఆదివారం కత్తి తీసుకుని వెళ్లనే వెళ్లాడు. నేను బండ మీద బట్టలు తీయడానికి వెనకే వెళ్లాను. ఆయన కొమ్మ పట్టుకోగానే ఆ పిట్ట ఎక్కడినుంచో వచ్చి మా తలల మీద అరవడం మొదలుపెట్టింది. పోతుందేమో అని చూశాం. పోలేదు. అప్పుడు నాకు ఆ కొమ్మ మీద రెండు ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉండటం కనిపించింది.

"కొట్టొద్దు, ఆగండి," అన్నాను. "ఈడ కుట్టేసి ఉండాది సూడండి."

వంగి చూశాను. నిజంగా కుట్టే. రెండు ఆకుల అంచులకూ సూదితో పొడిచినట్టు సన్నని బెజ్జాలు. ఒక్కో బెజ్జంలోంచి నూలుపోగు దూరి, అవతలికి వచ్చి, జారిపోకుండా దూదిలా చిట్లి ఉంది. ముడి లేదు. ప్రతి కుట్టూ దేనికదే విడిగా ఉంది, ఒకటి తెగినా మిగతావి ఊడవు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు దూరం సమానంగా ఉండాలని ఎన్నోసార్లు చెప్పేదాన్ని. ఇక్కడ నేర్పినవాళ్లెవరూ లేరు, స్కేలు లేదు. రెండు ఆకులూ కలిసి సంచిలా అయ్యాయి. లోపల మెత్తగా దూది, పీచు. మా ఇంటాయన కూడా వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు. బట్ట నేసే మనిషి కదా, ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. కత్తి తీసుకెళ్లి మూల పెట్టేశాడు.

దాన్ని దర్జీ పిట్ట అంటారని ఆ సాయంత్రం ఫోనులో ఒక వీడియో చూస్తే తెలిసింది. ఆ మాట విన్నప్పటినుంచి అది నా పక్క మిషను మీద కూర్చున్న మనిషిలా అనిపించేది.

నాలుగు గుడ్లు పెట్టింది. చింతగింజ కంటే పెద్దవేమీ కావు, తెల్లటి పెంకు మీద ఎర్రటి చుక్కలు. మా అత్త అప్పటినుంచి పెరట్లో చట్టాలు పెట్టింది. బండ మీద బట్టలు బాదకూడదు, ముందువైపు కుళాయి దగ్గర ఉతుక్కోవాలి. దండెం ఆ పక్క కట్టకూడదు. పిల్లి గోడ దిగకుండా తానే పీట వేసుకుని పగలంతా కాపలా. మరీ ముఖ్యంగా, గూటిని ఎవరూ ముట్టుకోకూడదు.

"మనిషి సెయ్యి తగిలితే వాసన పట్టేస్తాది పాపా. తల్లి మళ్లా గూడెక్కదు," అని నాకు రోజూ చెప్పేది. నేను సరే అనేదాన్ని. మేం ఇద్దరం దూరంగా నిలబడే చూసేవాళ్లం.

పన్నెండు రోజులకు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. కళ్లు తెరవని, ఈకల్లేని మాంసపు ముద్దలు. తల్లీ తండ్రీ ఇద్దరూ తిండి పెట్టేవి. కరేపాకు చెట్టు మీది పచ్చపురుగులు ఒక వారంలో మాయమయ్యాయి. నేను ఒక జాకెట్టు చేతికి గుడ్డ కత్తిరించేలోపు ఆ తల్లి మూడుసార్లు వచ్చిపోయేది. దాన్ని చూశాక నా నడుము నొప్పి గురించి చెప్పుకోవడం మానేశాను.

అంతలో ఆడి నెల, అదే తమిళుల ఆషాఢం, వచ్చింది. మా వైపు ఆడి గాలి అంటే తెలియనివాళ్లు ఉండరు. రేకులు లేస్తాయి, వీధిలో దుమ్ము నిలువునా తిరుగుతుంది. నాకు ఆ నెలలో పనితో ఊపిరాడదు. ఆడికృత్తిక పండగకు తిరుత్తణి గుడికి కావడి ఎత్తేవాళ్లందరికీ కొత్త జాకెట్లు కావాలి, అన్నీ పసుపురంగువే. ఒకదానికొకటి మారిపోకుండా మడతల్లో చీటీలు పెట్టుకుని కుడుతున్నాను. ఆ మధ్యాహ్నం పుత్తూరు నుంచి ఒకావిడ తన జాకెట్టు కోసం వస్తానని చెప్పి ఉంది. హుక్కులు మాత్రం మిగిలాయి.

గాలి ఒక్కసారిగా కొట్టింది. వంటింట్లో గిన్నెలు దొర్లాయి. పెరట్లోంచి మా అత్త నన్ను పిలిచిన పిలుపుకే నాకు అర్థమైంది. పరుగెత్తాను. బాదం కొమ్మ వంగి లేచి వంగి లేచి, గూటికున్న రెండు ఆకుల్లో ఒకటి తొడిమ దగ్గర సగానికి చిరిగిపోయింది. కుట్లు ఊడలేదు, ఆకే చిరిగింది. సంచి నోరు పక్కకు ఒరిగి వేలాడుతోంది. ఒక పిల్ల నేల మీద పడి ఉంది, కదలడం లేదు. మిగతా మూడూ లోపల ఒకదాని మీద ఒకటి పడి, జారడానికి సిద్ధంగా ఉన్నాయి. తల్లి కరేపాకు చెట్టు మీదనుంచి అరుస్తోంది.

నేను చెయ్యి కింద పెట్టి గూటిని పట్టుకోబోయాను. మా అత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"తగిలితే తగలనీ అత్తా," అన్నాను. "ఇట్లనే ఇడిస్తే సాయంత్రానికి మూడూ సస్తాయి."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి వదిలేసి, ఏం కావాలని అడిగింది. సూదీ మిషను దారమూ తెమ్మన్నాను. ఆమె లోపలికి వెళ్లి సూది తెచ్చింది గానీ దారం తేలేదు. మిషను దారం ఆకును కోసేస్తుందని, వేస్టు నూలు ముద్దలోంచి రెండు పోగులు తీసి, మోకాలి మీద పెట్టి పురి తగ్గించి మెత్తగా చేసి ఇచ్చింది. ఆ గాలిలో, ఆ వయసులో, ఆమె వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు.

పాత పట్టుచీర చిరిగితే చిరుగు మీద నేరుగా కుట్టకూడదు, వెనక ఇంకో గుడ్డ పెట్టి దానికి పట్టించాలి. అదే పని చేశాను. నడుముకు దోపుకున్న పసుపు లైనింగు ముక్కను ఆకు వెనక పెట్టాను. ఆకు మధ్యలో గట్టి ఈనె ఉంటుంది. దాని పక్కగా సూది దింపి, ఈనె చుట్టూ పోగు తిప్పి, గట్టిగా లాగకుండా దూరదూరంగా వేశాను. ఏడు కుట్లు. అత్త కింద దోసిలి పట్టి నిలబడింది. పిల్లల బరువు ఆమె అరచేతుల్లోనే ఉంది. తర్వాత ఒక వెదురుపుల్ల నేలలో గుచ్చి కొమ్మను దానికి కట్టాను. కింద పడిన పిల్ల చేతిలోకి తీసుకునేసరికే చనిపోయి ఉంది. దాన్ని అత్త మొక్క మొదట్లోనే పూడ్చింది.

ఇద్దరం లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాం.

తల్లి రాలేదు. కరేపాకు చెట్టు మీదనుంచి గోడ మీదికి, గోడ మీదనుంచి దండెం మీదికి తిరుగుతోంది గానీ గూటి దగ్గరికి పోవడం లేదు. అత్త కిటికీ ఊచ పట్టుకుని పెరట్లోకే చూస్తోంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. పుత్తూరు ఆవిడ వచ్చి, జాకెట్టు కాలేదని తెలిసి ముఖం ముడుచుకుంది. బస్సుకు టైమవుతోందని చెప్పింది. నేను చేతులు కడుక్కుని హుక్కులు కుట్టడానికి కూర్చున్నాను గానీ చూపంతా పెరట్లోనే ఉంది. ఒక హుక్కు తిరగేసి కుట్టాను, విప్పి మళ్లీ కుట్టాను. ఏమైందని ఆవిడ అడిగితే అత్త జరిగింది చెప్పింది. ఆవిడ బస్సు మాట మరిచిపోయి తానూ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

గంట దాటి ఉంటుంది. తల్లి నోట్లో పురుగుతో బాదం కొమ్మ మీద వాలింది. పసుపు గుడ్డను తల పక్కకు వంచి చూసింది. నేను వేసిన మొదటి కుట్టును ముక్కుతో ఒకసారి లాగింది. రాలేదు. రెండోదాన్ని లాగింది. అదీ రాలేదు. అప్పుడు లోపలికి వంగింది. మూడు ఎర్రటి నోళ్లు పైకి లేచాయి.

"నీ కుట్టును అది ఒప్పుకొనింది పాపా," అంది అత్త.

ఇరవై ఏళ్లలో నా పనిని మెచ్చుకున్నవాళ్లు లేకపోలేదు. పెళ్లి జాకెట్టు వేసుకుని అద్దం ముందు మురిసిపోయిన పెళ్లికూతుళ్లు ఉన్నారు. కానీ ఆ రోజు ఆ పిట్ట నా కుట్టును లాగి చూసి వదిలేసినప్పుడు కలిగిన గర్వం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. పనితనం తెలిసినది పరీక్ష చేసి సరే అనడం వేరు. కళ్లు తుడుచుకుంటుంటే పుత్తూరు ఆవిడ చూసింది. జాకెట్టు తీసుకుని, ఈసారి తన కూతురి జాకెట్లు కూడా పంపిస్తానని చెప్పి వెళ్లింది.

మర్నాడు చూస్తే నా కుట్ల మధ్య కొత్త పోగులు కనిపించాయి. నేను దూరదూరంగా వేసిన చోట తల్లి తన కుట్లు వేసుకుంది. నాకు చిన్నతనంగా అనిపించలేదు. ఇద్దరం కలిసి ఒక పని ముగించినట్టే అనిపించింది.

మా ఇంటాయన ఈ సంగతి షెడ్డులో చెప్పినట్టున్నాడు. భోజనాల వేళ ఒక్కొక్కరే వచ్చి, చెప్పులు బయటే విడిచి, పెరటి గుమ్మంలోంచి చూసి వెళ్లేవాళ్లు. వచ్చినవాళ్లకు ఏవి పిట్ట కుట్లో ఏవి నావో వేలు చూపించి చెప్పడం ఆయన పని. నా ఎదుట ఆయన నన్ను మెచ్చుకున్న మనిషి కాదు. వాళ్లకు చెబుతున్నప్పుడు గొంతులో మాత్రం తేడా తెలిసేది.

ఇంకో వారానికి పిల్లలకు ఈకలు వచ్చి, గూడు ఇరుకైపోయింది. ఒక పొద్దున మొదటిది అంచు మీదికెక్కి, కాసేపు ఊగి, బండ మీదికి దూకింది. రెండోది దాని వెనకే. మూడోది మాత్రం పసుపు గుడ్డను కాళ్లతో పట్టుకుని కూర్చుంది. తల్లి ఎదురు కొమ్మ మీద పురుగు పట్టుకుని పిలుస్తుంది గానీ తెచ్చివ్వదు. షెడ్డుకు పోవాల్సిన మా ఇంటాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. అత్త పీట మీదనుంచి లేచింది. చివరికి అది రెక్కలు కొట్టుకుంటూ, ఎగిరిందో పడిందో తెలియకుండా, కరేపాకు చెట్టు కింది కొమ్మను అందుకుంది.

సాయంత్రానికి మూడూ ఆ కొమ్మ మీదే ఒకదానికొకటి ఒరుసుకుని, తోకలింకా రాని దూది ఉండల్లా వరసగా కూర్చున్నాయి. నేను మిగిలిన పసుపు జాకెట్ల పని ముందేసుకున్నాను. గోడ అవతలి ఇంటావిడ ఏదో అడిగితే, మా అత్త గోడ దగ్గరికి వెళ్లి, మూడు పిల్లలు ఎగిరిపోయిన సంగతి మొదటినుంచీ చెప్పసాగింది. గాలి కొట్టడం, ఆకు చిరగడం, ఏడు కుట్లు, అన్నీ. "ఊరికే కాదు, మా కోడలు కుట్టిన గూట్లోంచి పోయినాయి," అంటోంది. నేను జాకెట్టు చేతిలో పట్టుకుని, మిషను తొక్కకుండా, ఆమె చెప్పడం అయ్యేదాకా విన్నాను.